విడిగా చెప్పిన మాట

"నువ్వొక్కసారి కూర్చోబెట్టి సర్ది చెప్పు. నీ ఉద్యోగమే అది కదా" అన్నాడు మొగుడు, ఇస్త్రీ పెట్టె కిందున్న తన చొక్కా వంక చూస్తూ. కాలర్ దగ్గర ముడత పోలేదని చూశాడో, పెళ్ళానికి ఇంకో పని తగిలించడానికి చూశాడో ఆమెకి తెలియలేదు. రెండింటికీ అతనిది ఒకటే గొంతు.

"ఎవరికి సర్ది చెప్పాలి?"

"ఎవరికేంటి, తమ్ముడి పెళ్ళానికి. పదకొండింటికి రమ్మన్నాం. తమ్ముడి మీద పెట్టిన ఆ పోలీసు కంప్లైంటు వెనక్కి తీసుకునేట్టు చూడు. ఆఫీసులో వాడి మీద విచారణంటున్నారు."

తమ్ముడి పెళ్ళానికి. తమ్ముడికి కాదు. సర్ది చెప్పడమనేది ఆ ఇంట్లో ఎప్పుడూ ఆడవాళ్ళ వైపుకే పారుతుంది. ఆమె చొక్కా తిరగేసి రెండో చెయ్యి ఇస్త్రీ చేసింది.

ఆమె పనిచేసేది కోర్టు వెనకాల మధ్యవర్తిత్వ కేంద్రంలో. తొమ్మిదేళ్ళయింది. తగువు పడ్డవాళ్ళని ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒకళ్ళ మాటకి ఒకళ్ళు అడ్డం రాకుండా మాట్లాడించి, ఏం చేసుకోవాలో వాళ్ళే తేల్చుకునేట్టు చూడాలి. తీర్పు చెప్పకూడదు. ఒకరి కొమ్ము కాయకూడదు. చుట్టాల కేసొస్తే ముందే చెప్పి తప్పుకోవాలి. ఒకరు విడిగా చెప్పిన మాట, వాళ్ళు సరేనంటే తప్ప రెండోవాళ్ళ చెవిన పడకూడదు. 'సర్దుకోండి' అన్న మాట నోట్లోంచి రానే కూడదని శిక్షణలో మొదటి రోజే చెప్పారు. ఇవన్నీ ఆమెకి కంఠతా వచ్చు. అక్కడొక పెద్దాయనున్నాడు, ఒకప్పటి వకీలు. వ్యాపార భాగస్తుల తగువులన్నీ తన బల్ల మీద పెట్టుకుని, మొగుడూపెళ్ళాల ఫైళ్ళన్నీ ఆమె వైపు తోస్తాడు. "ఈ ఏడుపులు నాకు పడవమ్మా, నీకైతే అలవాటేగా" అంటాడు. ఇద్దరూ కలిసి కూర్చున్న రోజున వచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చేది ఆమే. వాళ్ళు ఆమెని అటెండరనుకుని గ్లాసు చేతికిచ్చేసి ఆయనకి దండం పెడతారు. ఆయన ఆ దండం అందుకుంటాడే గానీ, ఈవిడా నాలాంటిదేనని ఒక్కనాడూ అనలేదు. ఇంటికొస్తే అత్తగారు పెట్టిన పేరు జడ్జిగారు. "జడ్జిగారొచ్చారు, ఇంక గిన్నెలకి విముక్తి!" అని ముందు గదిలోంచే కేకేస్తుంది. అందరూ నవ్వుతారు. తొమ్మిదేళ్ళుగా ఒకే జోకు, తొమ్మిదేళ్ళుగా అవే గిన్నెలు.

అంత నేర్చుకున్నదీ ఒక్కసారి తప్పింది. కేంద్రంలో కాదు, ఇంట్లో. నిరుడు తోడికోడలు ఈవిడ పక్కన నిలబడి బట్టలు మడతపెడుతూ, "అక్కా, నా సర్టిఫికెట్లు మా స్నేహితురాలి దగ్గర దాచాను. ఉద్యోగానికి పెట్టుకుంటా. ఎవరికీ చెప్పకు" అంది. చెప్పనంది ఈవిడ. మొగుడేమన్నా పరాయివాడా అని ఆ సాయంత్రం టీ ఇస్తూ మాటల్లో అనేసింది. అతను తమ్ముడితో అన్నాడు. ఆ స్నేహితురాలి ఇంటికి మరిది చక్కా వెళ్ళి, "మా ఆవిడ తెమ్మంది" అని నవ్వుతూ అడిగి తెచ్చాడు. మర్నాడు పెరట్లో కాగితాలు కాలిన వాసన. తోడికోడలు ఏడవలేదు, తిట్టలేదు. అప్పట్నుంచి ఈవిడ పక్కన బట్టలు మడతపెట్టడం మాత్రం మానేసింది. కేంద్రంలో ఎవరైనా ఆ పని చేస్తే చీటీ చించి ఇంటికి పంపుతారు. ఇంట్లో చేస్తే దాని పేరు కాపురం.

పదకొండింటికి తోడికోడలు వచ్చింది. నాలుగు నెలలుగా హాస్టల్లో ఉంటోంది. ఎడమ మణికట్టు ఇంకా పూర్తిగా తిరగదు. సోఫాలో అత్తగారు, మరిది, మొగుడు వరసగా కూర్చున్నారు. ఆ పిల్లకి మిగిలింది చెప్పుల స్టాండు పక్కన ప్లాస్టిక్ స్టూలు. ముగ్గురు ఒకవైపు, ఒక్కతి ఒకవైపు. ఇలా కూర్చోబెడితే ఆ పెద్దాయన కూడా ఒప్పుకోడు.

"ఏమ్మా, మొగుడూపెళ్ళాలన్నాక చెయ్యి తగలదా?" అని మొదలెట్టింది అత్తగారు. "మా కాలంలో ఇలా పోలీసుల దగ్గరికి పరిగెత్తామా?"

"పరిగెత్తి ఉంటే బాగుండేదత్తయ్యా" అంది ఆ పిల్ల.

"చూశావా అన్నయ్యా, ఆ నోరు!" అని లేవబోయాడు మరిది.

"కూర్చో" అంది ఈవిడ. కేంద్రంలో వాడే గొంతు అది. ఆ ఇంట్లో ఎప్పుడూ వినబడని గొంతు. మరిది నిజంగానే కూర్చున్నాడు. "నేను తనతో విడిగా మాట్లాడాలి" అని ఆ పిల్లని పడగ్గదిలోకి తీసుకెళ్ళి తలుపేసింది.

ఆ పిల్ల మంచం అంచున కూర్చుని తలుపు వంక చూసింది. "ఈసారీ బావగారికి చెప్తావా అక్కా?"

"చెప్పను."

"పోయినసారీ అదే అన్నావు."

ఈవిడ తలుపుకి గడియ పెట్టింది. ఆ పిల్లే మళ్ళీ అంది: "కేసు నిలబడాలంటే చూసినవాళ్ళు కావాలంటోంది లాయరు. ఆయన నా చెయ్యి విరిచినప్పుడు వంటింట్లో నువ్వున్నావు, అత్తయ్య ఉంది. గుమ్మం తగిలి విరిగిందని ఆవిడ రాసిచ్చేసింది. నిన్ను అడగనక్కా. నీ కాపురం నీది. ఎవరూ దొరక్కపోతే మంగళవారం కోర్టు వాయిదాలో కేసు వెనక్కి తీసుకుంటాను. ఆ మాట వాళ్ళకి ఇప్పుడే తెలియనివ్వకు, అంతే."

ఆమెకి ఆ రోజు చేతిలో ఉన్న గరిటె గుర్తొచ్చింది. ఆ గరిటెతో తను ఏమీ చెయ్యలేదు. పొయ్యి ఆర్పింది. కూర మాడిపోతుందని.

బయటికొచ్చేసరికి ముగ్గురూ తలలెత్తారు.

"ఏమంది?" అన్నాడు మొగుడు.

"చెప్పను."

"చెప్పనంటే? నేను నీ మొగుణ్ణే!"

"అనుకునే పోయినసారి చెప్పాను."

మరిది వంకరగా నవ్వాడు. "అదేంటి వదినా! నువ్వు మధ్యవర్తివి. ఎవరి పక్షమూ పట్టకూడదు. మీ రూలేగా అది?"

తొమ్మిదేళ్ళలో ఆమె పనికి ఒక రూలంటూ ఉందని ఆ ఇంట్లో ఎవరైనా ఒప్పుకోవడం అదే మొదలు. ఆమెకి నవ్వొచ్చింది.

"రూలే. ఇంకోటి కూడా ఉంది. మధ్యవర్తిని ఎవరూ సాక్ష్యానికి పిలవకూడదు."

"అద్దీ! అలా చెప్పు" అంది అత్తగారు, ఊపిరి తిప్పుకుని.

"రెండు పక్షాలూ ఒప్పుకుంటేనే మధ్యవర్తి, అత్తయ్యా. ఆ పిల్ల నన్ను ఒప్పుకోలేదు. మీరు పురమాయించారు. పైగా నేను చుట్టాన్ని."

"అయితే ఏంటంటావు?" మొగుడు లేచి నిలబడ్డాడు. పొద్దున ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా నలగకుండా ఉంది. "ఇంట్లో ఉండాలని లేదా నీకు?"

ఇంట్లో ఉండటం గురించి తొమ్మిదేళ్ళుగా ఆమె వేరేగా ఆలోచించలేదు. ఇప్పుడొక్క క్షణం ఆలోచించింది. పెద్ద కష్టమేమీ అనిపించలేదు.

"ఆ పిల్ల లోపల చెప్పింది మీకు చెప్పను" అంది. "వంటింట్లో నేను చూసింది మాత్రం మంగళవారం కోర్టులో చెప్తాను."