అడుగుదాకా దిగని నీరు

ఆ సముద్రానికి ఒక ఇరుకు జలసంధి తప్ప బయటికి దారి లేదు. పైన నదులు తెచ్చిన తేలిక నీరు, కింద బరువైన ఉప్పునీరు. మాటల్లేని తోడికోడళ్లలా రెండూ కలవవు. అందుకే అడుగు నీటికి గాలి అందదు. పెద్ద తుఫాను బయటి ఉప్పునీటిని లోపలికి నెడితేనే అక్కడ చేపగుడ్లు బతికేది.

పోయిన చలికాలం అలాంటి తుఫాను వచ్చింది. పరిశోధన ఓడలో నీటిని పరీక్షించే ఆమె, సంతోషం పట్టలేక అన్నకు చెప్పేసింది.

"పడవను ముక్కలుగా విప్పించకు అన్నయ్యా. కొత్తనీళ్లు వచ్చాయి. చేప తిరిగొస్తుంది."

ఆరేళ్లుగా ఖాళీ వలలు లాగుతున్న అన్న, ఆ మాట పట్టుకుని మంచు ఫ్యాక్టరీలో వదిన కుదిర్చిన పని వదులుకున్నాడు.

ఎండలు ముదిరాక ఓడ అన్నిటికంటే లోతైన చోట ఆగింది. పరికరం దిగింది. తెరమీద ఎనభై మీటర్ల దగ్గర ప్రాణవాయువు గీత కొంచెం లేచి, ఆ కింద సున్నాకు పడిపోయింది. అడుగునుంచి తెచ్చిన సీసా మూత తీయగానే గాలి అందని నీళ్లకుండే కుళ్లిన గుడ్ల కంపు కొట్టింది.

"దారిలో సముద్రం అడుగున ఉన్న మిట్టలు దాటేటప్పుడు కొత్తనీరు పైనీళ్లతో కలిసిపోయిందమ్మా," అన్నాడు ముసలి శాస్త్రవేత్త. "ఉప్పు పలచబడి బరువు తగ్గింది. అడుగుకు దిగలేక నడిమధ్యలోనే పరుచుకుంది."

"ఇంకోసారి దించుదామండీ."

మూడుసార్లు దించారు. అదే గీత.

రేవులో అన్న పడవకు రంగు వేస్తున్నాడు. చెల్లెలి ముఖం చూసి కుంచె దించాడు.

"చేరలేదా?"

"సగందాకా వచ్చింది. చేపగుడ్లు ఇంకా కింద ఉంటాయి."

"అంటే, పెళ్లివారు దారిలోనే దిగిపోయారన్నమాట." నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"తప్పు నాదే అన్నయ్యా. కొలవకముందే నోరు జారాను."

"నమ్మినవాడిది కాదా తప్పు?"

మంచు ఫ్యాక్టరీ పని అప్పటికే వేరేవాళ్లకు వెళ్లిపోయింది. ఆమె ఇంటికి వెళ్తే వదిన తలుపైతే తీసింది కానీ, కూర్చోమనలేదు.

వానలు మొదలయ్యే ముందు అన్న తన పడవను తానే విప్పడానికి పూనుకున్నాడు. పరాయి చెయ్యి పడనివ్వనన్నాడు. రెండోరోజు ఆమె సెలవు పెట్టి వెళ్లి, పిలవకుండానే మేకులు పీకుతూ పక్కన కూర్చుంది. అతను పొమ్మనలేదు. పీకిన మేకులు పక్కకు తోస్తూ అన్నాడు.

"తుప్పు మేకులు, చెయ్యి చూసుకో."

సాయంత్రానికి పొడవాటి అడుగుదూలం మాత్రం మిగిలింది. దాన్ని కదపడానికి ఇద్దరి బలమూ చాలలేదు. రేపు రంపం తెస్తానని చెప్పి, అన్న ఇంటివైపు నడిచాడు.