వాలిన రెప్ప

మా అన్న జయప్రకాష్‌కు తెలియని విషయం ఈ లోకంలో లేదు. డోన్ రైల్వేలో క్లర్కు ఉద్యోగం. తెల్లారకముందే లేచి మా చర్చి వాట్సాప్ గ్రూపులో "మీకు తెలుసా?" అని మొదలుపెడతాడు. శాస్త్రం ప్రకారం అరటిపండు బెర్రీ అట, స్ట్రాబెర్రీ మాత్రం కాదట. శుక్రగ్రహం మీద ఏడాది కన్నా రోజే పెద్దదట. నంద్యాలలో మా సంఘమంతా ఆయన్ను జ్ఞానన్న అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఎందుకో చెప్తాను. మా అమ్మ దేవమ్మ పక్షవాతం వచ్చి మూడేళ్ళు మంచంలో ఉంది. ఒక కంటి రెప్ప వాలిపోయి, అందులోంచి ఎప్పుడూ నీళ్ళు కారేవి. అన్నం తినిపించింది, చీర మార్చింది, ఆ కన్ను తుడిచింది నేను. అన్న పండక్కొకసారి వచ్చి, మంచం పక్కన కుర్చీ వేసుకుని, ఫోన్లో తల పెట్టి నాలుగు వింతలు చదివి వెళ్ళిపోయేవాడు. అమ్మను ఆసుపత్రికి తీసుకుపోతున్నామని ఆయనకు మెసేజ్ పెట్టాను. మేమింకా ఆటోలో ఉండగానే గ్రూపులో ఆయన పోస్టు వచ్చింది. ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటాయి, మీకు తెలుసా? ఉన్న ఒక్క గుండే ఆగిపోతున్న మనిషి అప్పుడు నా ఒళ్ళో ఉంది.

అమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఆదివారం జ్ఞాపకార్థ కూడిక. ఆ రోజు సమాధి మీద ఆమె ముఖం చెక్కిన రాయి నిలబెట్టాలి. "నా మొగాన్ని దిద్దొద్దు. దేవుడు ఎట్ల చేసినాడో అట్లే పెట్టండి" అని ఆమె మాకిద్దరికీ చెప్పి పోయింది. అందుకే రెప్ప వాలిన ముఖమే చెక్కమన్నాం. రాయి పని ఆళ్ళగడ్డలో శిల్పి మద్దిలేటికి ఇచ్చాం. ఆయన దగ్గర ఉన్నది అమ్మకు జబ్బు రాకముందు ఫోటో. కళ్ళు తప్ప అంతా అయిపోయింది, ఇద్దరూ రండి అని కబురు చేశాడు.

దారి పొడుగునా అన్న నోరు ఊరుకోలేదు. శిరివెళ్ళ దాటాక, "ఫెబా, చెట్ల కన్నా ముందే సొరచేపలు పుట్టినాయి, తెలుసా నీకు?" అన్నాడు.

"ముందు రోడ్డు చూసి తోలు," అన్నాను.

మద్దిలేటి షెడ్డంతా దేవుళ్ళే. వాళ్ళ మధ్య మా అమ్మ ఒక్కతే మనిషి. గడ్డం, నుదురు, నవ్వితే పడే గీతలు, అన్నీ ఆమెవే. కళ్ళు మాత్రం నున్నటి రాయి.

"కండ్లు మేం కడాకు చేస్తాం సారూ," అన్నాడు మద్దిలేటి. "దేవుడైనా మనిషైనా మా నాయన పెట్టిన పద్ధతి ఒకటే. ఉలి ఆన్చే ముందు పెద్దకొడుకు నోటితో చెప్పాల, కండ్లు ఎట్లుండాలో. మీయమ్మకు ఏ రెప్ప వాలింది?"

నేను నోరు తెరవబోయాను. మద్దిలేటి చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు కాదుమ్మా. సార్ చెప్పాల."

అన్న ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "కుడి కన్ను," అన్నాడు.

మద్దిలేటి బొగ్గుతో కుడి కంటి మీద గీత గీశాడు. నేను పలకలేదు. నిజంగానే పలకకూడదనుకున్నాను. చెక్కనీ. ఆదివారం సంఘమంతా చూస్తుంది. కన్నతల్లి కన్నే తెలియని జ్ఞానన్న అని ఊరంతా నవ్వనీ. నాకు సంతోషంగా కూడా ఉంది. ఇంతలో మద్దిలేటి ఉలి తీసుకుని కంటికి ఆన్చాడు. ఆ నవ్వులపాలయ్యేది అన్న కాదు, అమ్మ ముఖం. ఎప్పటికీ అట్లాగే ఉండిపోతుంది.

"ఆపు మద్దిలేటన్నా! ఎడమ కన్ను," అని అరిచాను.

"ఏందీ, నీకు తెలుసా నాకు తెలుసా?" అన్న నా మీదికి తిరిగాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నేను ఫోన్ తీసి, అన్న కూతురు అక్షయ నానమ్మతో దిగిన సెల్ఫీ చూపించాను. ఎడమ రెప్పే వాలి ఉంది. అన్న నవ్వాడు. "సెల్ఫీలో కుడి ఎడమ తారుమారైతాయి పిచ్చిదానా. అద్దం మాదిరి. అదీ తెల్దు, వాదానికొస్తాండావ్."

"పైట చూడన్నా," అన్నాను. "తారుమారైతే అమ్మ పైట కుడి భుజం మీద ఉండాల. యాడుంది? ఎప్పుడన్నా కుడి భుజాన పైటేసిందా అమ్మ?"

అన్న ఫోటోను పెద్దది చేశాడు. పైట ఎడమ భుజం మీదే ఉంది. నవ్వు ఆగిపోయింది.

మద్దిలేటి బొగ్గు గీత తుడిచేశాడు. "సరే, ఎడమ కన్నే. ఎంత వాలిందో చెప్పు సారూ. ఫోటోలో ఆమె నవ్వుతాంది, రెండు కండ్లూ చిన్నగైనాయి. సగమా? ఇంకా కిందికా?"

అన్న రాయి వైపు చూశాడు. ఫోన్ వైపు చూశాడు. నా వైపు చూశాడు. నేను సాయం చేయలేదు.

"నాకు తెల్దు," అన్నాడు చివరికి.

మా అన్న నోట ఆ మాట నేను పుట్టాక వినలేదు.

"పద్ధతి పద్ధతే సారూ," అన్నాడు మద్దిలేటి. "నువ్వే చెప్పాల."

"అయితే నన్ను అడుగు," అన్నాను అన్నతో. "నువ్వు నన్ను అడిగితే నేను చెప్తా. అది నువ్వు ఆయనకు చెప్పు."

అన్న ఫోన్ నా చేతికిచ్చాడు. తర్వాత, "అమ్మ రెప్ప ఎంత వాలింది ఫెబా?" అని అడిగాడు.

రాయి ముందు కూర్చుని కళ్ళు మూసుకున్నాను. మూడేళ్ళు తుడిచిన చోటు నా బొటనవేలికి తెలుసు. రాయి మీద వేలు పెట్టి ఆపాను. అన్న అక్కడికి వంగి చూశాడు. "ఎడమ కన్ను. సగం కన్నా ఇంకొంచెం కిందికి," అన్నాడు మద్దిలేటికి.

ఉలి దెబ్బ పడింది. కన్ను మెల్లగా తెరుచుకుంటుంటే అన్న ఏడవడం మొదలుపెట్టాడు. నా కొంగు చేతిలోనే ఉంది. ఇవ్వలేదు. నేను తుడవాల్సిన కన్ను అమ్మది ఒక్కటే, అది తుడిచేశాను.