టోపీలో పేకముక్క

ఆ మధ్యాహ్నం టోపీలో పేకముక్క లేని మెక్సికన్ ఎవడైనా చచ్చినట్టే లెక్క. ఆ మాట ఎలిహియోకు స్వయంగా కెప్టెనే చెప్పాడు. టెక్సస్‌కు స్వాతంత్ర్యం కావాలని మెక్సికో ప్రభుత్వం మీద తిరగబడ్డ ఆ సైన్యంలో ఎక్కువమంది తెల్లవాళ్లు. ఎలిహియోలాగా టెక్సస్‌లోని బెహార్ ఊరి నుంచి వచ్చిన మెక్సికన్ పశువుల మందలవాళ్లు ఓ ఇరవైమంది ఉంటారేమో. వాళ్ల రంగూ, మాటా, కప్పుకునే దుప్పటీ అన్నీ శత్రువులవే. అందుకని సొంతవాళ్లే పొరపాటున చంపకుండా గుర్తు కోసం ఒక పేకకట్ట విప్పి తలా ఒక ముక్క టోపీ పట్టీలో దోపారు. ఎలిహియోకు ఏడు సారా గిన్నెల బొమ్మ ఉన్న ముక్క వచ్చింది. తాగుబోతు ముక్క సరైనవాడికే చేరిందని తోటివాళ్లు ఎగతాళి చేశారు. అతను నవ్వకుండా ముక్కను పట్టీలోకి ఇంకాస్త లోతుగా నొక్కుకున్నాడు.

అతని భయం తన ఒక్కడి గురించే కాదు. భార్య తొమాసా తమ్ముడు క్లెటో అవతలి సైన్యంలో ఉన్నాడు. కంచరగాడిదల మీద సరుకు తోలుకునేవాణ్ణి గాడిదలతో సహా పట్టుకుపోయారు. ఎవరి గొడవా ఎరగని మనిషి. ఎలిహియో బయల్దేరుతుంటే తొమాసా ఎండుమాంసం మూట చేతికిస్తూ ఒకే మాట అంది.

"తుపాకీ ఎత్తే ముందు ముఖం చూడు. అది మా తమ్ముడిదైతే వాణ్ణి తీసుకురా. వాడు లేకుండా నువ్వూ రావద్దు."

యుద్ధం పట్టుమని అరగంట సాగలేదు. అవతలివాళ్లు భోజనాలు చేసి కునుకు తీస్తుండగా వీళ్లు మీదపడ్డారు. చంపడం మాత్రం ఆగలేదు. కొన్ని వారాల కిందట ఆలమో కోటలో మెక్సికో సైన్యం చేతిలో చచ్చిన తమవాళ్ల పేరు చెప్పి, చేతులెత్తినవాణ్ణీ మోకరిల్లినవాణ్ణీ వదలకుండా పొడిచారు. ఎలిహియో బురదమడుగు వెంట పరిగెడుతూ కనబడ్డ ప్రతి ముఖాన్నీ చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేదనిపించింది.

క్లెటో రెల్లుపొదల్లో, నడుముదాకా బురదలో దొరికాడు. పనివాడి టోపీ, ఎలిహియోది లాంటి తోలుచొక్కా. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి.

"బావా, చంపేస్తావా?"

"నోర్ముయ్. నిన్ను చంపితే మీ అక్క నన్ను బతకనిస్తుందా?"

చేయిచ్చి లాగుతుండగానే గట్టు మీద అడుగుల చప్పుడైంది. ఎలిహియో తన ముక్క తీసి క్లెటో టోపీలో దోపాడు. తనను ఈ సైన్యంలో అందరూ ఎరుగుదురు, తనకిక ముక్కెందుకు అనుకున్నాడు. అదే అతను చేసిన పొరపాటు.

వచ్చినవాడు డాబ్నీ, తమ సైన్యంలోని తెల్లవాడే. పొద్దున నిప్పు దగ్గర ఎలిహియో కాల్చిచ్చిన రొట్టె తిని, ఇంకోటి అడిగినవాడే. క్లెటో టోపీ చూసి తలూపాడు. ఎలిహియో టోపీ చూసి తుపాకీ గొట్టం అతని గుండెకు ఆనించాడు. పేరు చెబుదామని ఎలిహియో నోరు తెరిచాడు. వచ్చీరాని ఇంగ్లీషు సరే, తన పేరే తనకు నోటికి రాలేదు. చేతులెత్తేశాడు. డాబ్నీ కళ్లు టోపీ పట్టీ దాటి ముఖం దాకా దిగలేదు.

ఇక దిక్కు క్లెటోనే. చిన్నప్పుడు ఉరుము ఉరిమితే మంచం కింద దూరిన మనిషి. ఇప్పుడు పారిపోతే ఆపేవాడు లేడు, ముక్క వాణ్ణి కాస్తుంది. పోవద్దురా తండ్రీ అని ఎలిహియో మనసులోనే వాడి కాళ్లు పట్టుకున్నాడు. ఒంట్లో భయం తప్ప సిగ్గు అన్నది మిగల్లేదు.

క్లెటో కదిలాడు. దగ్గరికొచ్చి, బావ మెడ పట్టుకుని ఒక్క తోపు తోశాడు. సరుకు బేరాల్లో నేర్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు అప్పుడు పనికొచ్చాయి.

"నా ఖైదీ. నేను పట్టుకున్నా. కెప్టెన్ దగ్గరికి తీసుకెళ్తున్నా."

డాబ్నీ విసుగ్గా ఉమ్మేసి, మరొకణ్ణి వెతుక్కుంటూ పోయాడు.

మైలు దూరం శత్రువుల మనిషి వెనక నుంచి తోస్తుంటే, స్వాతంత్ర్య సైనికుడు చేతులెత్తుకుని నడిచాడు. ఇద్దరూ ఏడుస్తూనే ఉన్నారు. శిబిరంలో కెప్టెన్ ఈ సంగతంతా విని పొట్ట పట్టుకుని నవ్వాడు. క్లెటోను ఖైదీల్లో కూర్చోబెట్టి ముక్క ఎలిహియోకు తిరిగి ఇప్పించాడు.

టెక్సస్ స్వతంత్రమైంది. కొన్నాళ్లకు క్లెటోను వదిలేస్తే అక్క ఇంటికి చేరాడు. తొమాసా ఇద్దరి ముఖాలూ తడిమి చూసుకుంది. కానీ ఆ తర్వాత బెహార్ వీధుల్లో తెల్లవాడు ఎదురైతే చాలు, ఎలిహియో చెయ్యి దానంతటదే టోపీ మీదికి పోయేది. టోపీ తాకి తమకు నమస్కారం పెడుతున్నాడనుకుని, ఎంత మర్యాదస్థుడో అని వాళ్లు మెచ్చుకునేవారు. అతను ముక్క ఉందో లేదో తడుముకునేవాడు.