మార్కెట్ దగ్గర దించేశారు

ఆ బస్సులో ఆమెను అందరూ అద్దాలమ్మాయి అనేవారు. మార్కెట్ స్టాపుకు ఎదురుగా ఉన్న కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేములకు బిగించడం ఆమె పని. చక్రాల కుర్చీలో తిరిగే మనిషి, ఇసుక వేస్తే రాలనంత జనంలోంచి రోజూ ఎలా దిగుతుందంటారా? దానికో ఏర్పాటుంది. మార్కెట్ రాగానే కండక్టరు విజిలు వేస్తాడు. రోజూ అదే బస్సులో పనికెళ్ళే తాపీమేస్త్రీ ఒకడు కుర్చీ వెనక పిడులు పట్టుకుంటాడు, ఇంకో ఇద్దరు ముందువైపు అందుకుంటారు. కుర్చీ మెట్లమీద ఆనకుండానే రోడ్డు మీదికి వస్తుంది. నాలుగేళ్ళుగా ఇదే తంతు.

ఆమె రోజూ "వద్దులెండి, మీకెందుకు శ్రమ" అంటుంది. ఎవరూ వినరు. వినకూడదు కూడా, వింటే ఆమె డిపో దాకా పోవాల్సిందే.

"సిమెంటు బస్తాకీ ఈ అమ్మాయికీ ఒకటే తేడా. బస్తా వద్దనదు" అంటాడు మేస్త్రీ. రోజూ అదే జోకు, రోజూ అందరూ నవ్వుతారు.

ఆ రోజు ఆమె వెళ్ళాల్సింది షాపుకు కాదు, మార్కెట్ దాటాక ఆరో స్టాపులో ఉన్న ఆస్పత్రికి. పదింటికి అక్కను గుండె ఆపరేషనుకు తీసుకెళ్తారు. "మళ్ళీ లేస్తానో లేదో, ముందే వచ్చి ఒక్కసారి కనపడి పోవే" అంది అక్క ఫోనులో. చిన్నప్పుడు ఈమెను చంకనేసుకుని బడికి మోసిన అక్క. అయినా ఈమెకు ఏడుపు రాలేదు, భయం కూడా తెలియలేదు. మనసంతా మొద్దుబారిపోయింది. ఎదురుగా ఎవరిదో బ్యాగు జిప్పు, పక్కన ఎవరిదో మోచేయి, వాటినే చూస్తూ కూర్చుంది. కండక్టరుకు ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. తట్టలేదు. పాసు ఉన్న మనిషిని ఎక్కడికని ఆయనా అడగలేదు.

విజిలు పడింది. కుర్చీ లేచింది.

"వద్దు" అంది. "వద్దండీ, ఇవాళ వద్దు."

"అలాగేనమ్మా, రేపట్నించి మానేస్తాంలే" అన్నాడు మేస్త్రీ నవ్వుతూ.

ఆస్పత్రి అనే మాట నోటికొచ్చేసరికి చక్రాలు రోడ్డు మీదున్నాయి, మేస్త్రీ బస్సులో ఉన్నాడు, తలుపు మూసుకుపోయింది. పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే ఇదే. కాకపోతే ఇక్కడ పుణ్యం వాళ్ళకు, పాపం ఈమెకు.

తర్వాతి బస్సు ఆగలేదు. ఆ తర్వాతిది ఆగింది గానీ, "వెనకాల ఖాళీ బస్సొస్తోందమ్మా" అన్నాడు దాని కండక్టరు. ఆ ఖాళీ బస్సును ఇంతవరకు కళ్ళారా చూసిన మనిషి లేడు. రెండు ఆటోలు కుర్చీని చూసి వేగం పెంచాయి. మూడో ఆటో దొరికి ఆస్పత్రి చేరేసరికి పదకొండు కావస్తోంది.

"తీసుకెళ్ళేదాకా గుమ్మం వైపే చూసిందమ్మా" అన్నాడు బావ.

అక్క ఆపరేషను గదిలోంచి ప్రాణంతో రాలేదు.

పదిహేను రోజులకు మళ్ళీ అదే బస్సు ఎక్కింది.

"ఏమ్మా, ఇన్నాళ్ళూ కనపడలేదు?" అన్నాడు మేస్త్రీ.

"మా అక్క పోయింది. ఆపరేషనులో."

మార్కెట్ దగ్గర పడింది. మేస్త్రీ చేతులు అప్పటికే పిడుల మీదున్నాయి.

"అయ్యో తల్లీ. చివరి చూపైనా దక్కిందా?"

ఆమె ఆ చేతులకేసి చూసింది. నిజం చెబితే ఈ మనిషి జన్మలో మళ్ళీ ఈ కుర్చీని ముట్టుకోడు. అతను ముట్టుకోకపోతే ఈమెకు షాపూ లేదు, పనీ లేదు. ఇలాంటప్పుడు ఇంత లెక్క వేసుకున్నందుకు సిగ్గయినా వేయాలి. అదీ వేయలేదు.

"దక్కిందండీ" అంది.

"అంతే చాలు తల్లీ" అని మేస్త్రీ ముందువైపు పట్టుకోమని మిగతా ఇద్దరినీ పిలిచాడు.