గమనిక: నోరు తెరిస్తే మూయరు

పళ్ళ ఆసుపత్రి కౌంటర్లో పద్నాలుగేళ్ళుగా కూర్చుంటున్న ఆవిడను అందరూ కౌంటరక్క అనేవారు. వచ్చిన ప్రతి మనిషి గురించీ కంప్యూటర్లో ‘గమనిక’ అనే గడిలో ఒక ముక్క రాసిపెట్టడం ఆవిడ అలవాటు. లోపల డాక్టరుకు పనికొస్తుందని మంచి మనసుతోనే రాసేది. ఒకాయన సూది చూస్తే కళ్ళు తిరిగి పడిపోతాడు, జాగ్రత్త. ఇంకొకాయన రోజూ రెండుసార్లు తోముకుంటానంటాడు, నమ్మకండి.

ఆ ఆసుపత్రికి ఫోన్ యాప్ తయారుచేసే పని ఒక అమ్మాయికి అప్పగించారు. ఆమె అత్తగారు కూడా అక్కడే పళ్ళు చూపించుకునేది. ఆసుపత్రి మేడమీదే అట్టపెట్టెల మధ్య కోడలి బల్ల. ఫోన్ నుంచి అపాయింట్‌మెంట్ వివరం అడిగితే సర్వర్ ఆ మనిషి చీటీ మొత్తం పంపేస్తుంది. పేరు, తేదీ, వేళ, డాక్టరు, గమనిక, అన్నీ. ఏది పంపాలో ఏది పంపకూడదో తర్వాత చూసుకుందాంలే అనుకుని, కోడలు వచ్చినదంతా వచ్చినట్టే తెరమీద పరిచేసింది. పరీక్షకు వాడిన ఉత్తుత్తి పేర్లకు గమనికలు లేవు, అందుకని ఆమెకు అనుమానం రాలేదు.

సోమవారం యాప్ జనం చేతికి వెళ్ళింది. పదింటికల్లా కౌంటర్లో ఫోను ఊపిరి సలపనివ్వలేదు. రిటైరైన లెక్కల మాస్టారు ఒకాయన స్వయంగా వచ్చి, తాను పళ్ళు తోముకోనని ఏ ఆధారంతో తేల్చారో చెప్పమని నిలదీశాడు. కౌంటరక్క మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

అంతలో కోడలికి అత్తగారు ఫోన్ చేసింది.

“నా పేరు కింద ‘నోరు తెరిస్తే మూయరు, రెండింతల సమయం ఇవ్వండి’ అని ఉందేంటమ్మా? పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరవక ఏం చెయ్యాలి?”

ఏదో సాంకేతిక లోపమని కోడలు నసిగింది. లోపం సంగతి సరే, రాసిందెవరని అత్తగారు అడిగింది. తనకు తెలియదని చెప్పి కోడలు ఫోను పెట్టేసి, ‘గమనిక’ అనే మాటతో పేరు మొదలయ్యే గడులేవీ ఫోన్లకు పంపొద్దని హడావుడిగా సర్వర్‌కు చెప్పింది. పది నిమిషాల్లో రాతలన్నీ మాయమయ్యాయి.

వాటితోపాటు ఇంకొకటీ మాయమైంది. ఆ సర్వర్ను మొదట కట్టినవాడెవడో అపాయింట్‌మెంట్ వేళను ‘గమనిక వేళ’ అనే గడిలో దాచాడు. మంగళవారం రావలసినవాళ్ళకు తేదీ కనబడింది, వేళ కనబడలేదు. ఎందుకైనా మంచిదని అందరూ తలుపులు తీసే సమయానికే వచ్చేశారు. ముప్పై ఎనిమిది మంది, పదకొండు కుర్చీలు.

కోడలు కిందికి తొంగిచూసేసరికి మధ్య కుర్చీలో అత్తగారు ఉంది. ఎవరి గురించి ఏం రాశారో ఒక్కొక్కరినీ అడిగి చెప్పిస్తోంది. సూదికి కళ్ళు తిరిగే ఆయన తన గమనిక తనే చెప్పుకుని నవ్వాడు. గోడకానుకుని నిలబడ్డవాళ్ళు కూడా నవ్వుతున్నారు.

కోడలు పైకి పరుగెత్తింది. తీసేయాల్సినవి ఏరుతూ కూర్చోకుండా, ఈసారి పంపాల్సినవి మాత్రమే రాసింది. పేరు, తేదీ, వేళ, డాక్టరు. ఐదోది గడప దాటడానికి లేదు. అత్తగారి పేరుతోనే రెండుసార్లు సరిచూసుకుని కిందికి దిగింది.

అప్పటికి అత్తగారు కౌంటర్ దగ్గర నిలబడి ఉంది.

“నా గురించి రాసింది నువ్వేనా అమ్మా?”

కౌంటరక్క తలొంచుకుని అవునంది. తప్పుగా అనుకోవద్దని ఏదో చెప్పబోయింది.

“తప్పేముంది? రెండింతల సమయం ఇమ్మన్నావుగా. మా ఇంట్లో సగం కూడా ఇవ్వరు.”

వెనక నిలబడ్డ కోడలికి ఎటు చూడాలో తెలియలేదు.

ఆ మధ్యాహ్నం పన్ను పీకించుకున్న అత్తగారిని కోడలే ఇంటికి తీసుకెళ్ళింది. బండి అక్కడే వదిలి ఇద్దరూ నడిచారు. దారిపొడుగునా అత్తగారు మాట్లాడుతూనే ఉంది. దవడ తిమ్మిరెక్కి ఉందేమో, ఒక్క ముక్కా అర్థం కాలేదు. కోడలు ఒక్కసారి కూడా ఫోను తీయకుండా ఊఁ కొడుతూ నడిచింది.