నాలుగు సీట్ల థియేటర్

"నీకెందుకే ఆ తలనొప్పి? మనిషిని పిలిపిస్తానుగా" అన్నాడు భర్త, డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుని స్టూలెక్కిన భార్యను చూసి. ఆ మనిషెవరో గానీ, పెళ్లయిన దగ్గర్నుంచీ వస్తూనే ఉన్నాడు. ఊడిన కర్టెన్ రాడ్డుకీ ఆ మనిషే, కారే పంపుకీ ఆ మనిషే. చివరికి రాడ్డు బిగించిందీ, పంపుకు వాషరు వేసిందీ ఆమే. అందుకే ఈసారి ఎదురుచూడలేదు. మిషన్ గుర్రుమంది, గోడకు కన్నం పడింది.

"అమ్మో, ఇల్లు కూలుస్తోందర్రా!" పక్కగదిలోంచి అత్తగారు కేకేశారు.

ఇంతకీ ఈ తతంగమంతా ఎందుకంటే, ఆమెకు సినిమాల పిచ్చి. పిచ్చయితే ఉంది గానీ, ఏ సినిమా అయినా వంటింటి గుమ్మంలోంచి ముక్కలు ముక్కలుగా చూడడమే. "మంచినీళ్లు", "కాస్త టీ", "నా కళ్లజోడేదమ్మా". అవన్నీ అందించి వచ్చేసరికి హీరోయిన్ ఏడుస్తుంటుంది. ఎందుకేడుస్తోందని అడిగితే "అబ్బా, తర్వాత చెప్తాంలే" అంటారు. ఆ తర్వాతనేది రాదు. ఒక్కటంటే ఒక్క సినిమా, పేర్లు పడే దగ్గర్నుంచి ఆఖరి దాకా కూర్చుని చూడాలి. అదీ ఆమె కోరిక.

ఆఫీసు నుంచి వచ్చి, వంటా గిన్నెలూ అయ్యాక, కొంగు బిగించేది. వెనకగదిలోని పాత సామాను తీసేసి, గోడను సాండ్ పేపరుతో రుద్ది తెల్లరంగు వేసింది. ఇంక తెర కొనక్కర్లేదు. ఆఫీసులో ఎవరో వదిలించుకుంటున్న ప్రొజెక్టరు తెచ్చి, కన్నాలు వేసి గోడకు బిగించిన బల్ల మీద నిలిపింది. ముదురురంగు దుప్పట్లు కర్టెన్లయ్యాయి. ప్యాకింగ్ చెక్కలతో సీట్లు చేసి, పాత పరుపు కోసి మెత్తలు కుట్టింది. అత్తగారి మోకాళ్లు వంగవు కనుక ఆవిడది ఎత్తుగా, భర్తది కాళ్లు బారచాపుకునేంత పొడుగ్గా, కూతురిది వెనక్కి వాలేలా. వచ్చేపోయే చుట్టాల కోసం మరొకటి. సుత్తిదెబ్బకు బొటనవేలు కమిలింది. అయినా కూనిరాగాలు ఆగలేదు. అంత సంతోషంగా ఉండి ఎన్నేళ్లయిందో!

మొదటి ఆటకు ఆడపడుచు వచ్చింది. గది చూసి నోరెళ్లబెట్టింది.

"అన్నయ్యా, ఇదంతా నువ్వే కట్టావా?"

"మరేమనుకున్నావ్! ఎన్నాళ్లనుంచో నా బుర్రలో ఉన్న ప్లాను. మీ వదిన కూడా కాస్త చేయి సాయం చేసిందిలే."

చేయి సాయమట! ఆమెకు ఒళ్లు మండింది. సర్లే, ముందు సినిమా కానీ అనుకుని ప్రొజెక్టరు ఆన్ చేసి, లైటార్పి వెనక్కి తిరిగింది. అత్తగారు, భర్త, కూతురు, ఆడపడుచు. సీట్లన్నీ నిండిపోయాయి.

"అమ్మా, మరి నీ సీటేదీ?" అంది కూతురు.

లేదు. అందరి మోకాళ్లూ నడుములూ కొలిచిన మనిషి తనను కొలుచుకోవడం మరిచిపోయింది. ఎప్పుడో వచ్చే చుట్టానికి సీటుంది, తనకు లేదు. ఇంత మొద్దునేమిటి నేను అనుకుంటే ఆమెకు ముందు నవ్వే వచ్చింది.

"మీ అమ్మకు సీటెందుకే? ఒక్కచోట కూర్చునే రకమా!" అన్నాడు భర్త. అందరూ నవ్వారు. "గుమ్మం దగ్గర నిలబడి చూస్తుందిలే. అన్నట్టు, ఓ నాలుగు టీలు పెట్టెయ్."

ఆమె నవ్వు ఆగిపోయింది. అతను చెడ్డవాడేం కాదు, అదే వచ్చిన చిక్కు. ఆమెను ఎవరూ పనిగట్టుకుని నిలబెట్టలేదు. ఆమె నిలబడి ఉండడం ఇంటికి అలవాటైపోయింది, ఆమెకు కూడా. ఇవాళ గుమ్మంలో నిలబడితే, రేపు మేడ కట్టినా తన చోటు గుమ్మమే. ఆమె గొంతు హాయిగానే పలికింది.

"ఏమండీ, ఒక్కసారి లేవండి."

సీటుకేదో అయిందనుకుని అతను లేచాడు. ఆమె అందులో కూర్చుని కాళ్లు బారచాపింది. అబ్బ, ఎంత బాగా కుదిరిందో!

"మరి నేను?"

"ఇంత థియేటరు కట్టినవారికి ఇంకో సీటు ఎంతసేపండీ! చెక్కలు పెరట్లో ఉన్నాయి."

ఆడపడుచు కిసుక్కుమంది. "వెళ్లరా, వెళ్లు" అన్నారు అత్తగారు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని. "మీ నాన్న ఉన్నన్నాళ్లూ నేనూ ఏ సినిమా మొదలూ ఎరగను. అమ్మాయ్, కానీ!"

కూతురు సినిమా పెట్టింది. తెరమీద పేర్లు పడసాగాయి. మాటలు రాసినవాళ్లు, సెట్లు వేసినవాళ్లు, బట్టలు కుట్టినవాళ్లు. తెరవెనక పనిచేసిన ఇంతమంది పేర్లు వేస్తారని ఆమెకు ఇంతవరకూ తెలియదు. ఒక్క పేరూ వదలకుండా చదువుతోంది.

"ఏమోయ్, మేకులెక్కడ పెట్టావ్?" పెరట్లోంచి కేక.

వినిపించింది. ఆమె లేవలేదు.