పొట్టి గోపురం

రాళ్లపిల్ల అని ఆమెకి ఊరికే పేరు రాలేదు. చిన్నప్పుడు గులకరాళ్లు ఏరుకునేది, పెద్దయ్యాక పింగాణీ ముక్కలతో గోడలమీద పూలూ చక్రాలూ వేసేది. ఇప్పుడు బస్టాండు గోడమీద, భూకంపంలో కూలిపోయిన పాత ప్రార్థనామందిరాన్ని వేస్తోంది. ఒకవైపు పొడుగు గోపురం, ఇంకోవైపు పొట్టిది. ఆ పొట్టిదాని కిందే, గంట కొడుతూ కొడుతూ వాళ్ల నాన్న పోయాడు.

అమ్మ కళ్లు మసకేశాయి. చేసేదేం లేదన్నాడు డాక్టరు. "చూపు పూర్తిగా పోకముందే ఆ మందిరాన్నొక్కసారి నిండుగా చూడాలే" అంది అమ్మ. ఇంకేముంది, కూతురికి తిండీ నిద్రా లేకుండా పోయాయి.

ఈ పనిలో ఓ తిరకాసుంది. ముక్కల్ని కాగితంమీద బోర్లా అంటించి, కాగితంతో సహా తడి సిమెంటుకి అదిమి, ఆనక కాగితం తడిపి లాగేయాలి. అందుకని బొమ్మ ముందే తిరగేసి గీసుకోవాలి. పూలకీ చక్రాలకీ ఆ బాధ లేదు, ఎటు తిప్పినా ఒకటే. ఆ అలవాటే కొంప ముంచింది.

కాగితం లాగేసరికి, అటుండాల్సిన పొట్టి గోపురం ఇటుంది.

"పోనీలేవే, ఎవరు చూడొచ్చారు" అన్నాడు సిమెంటు కలుపుతున్న అన్నయ్య.

"అమ్మ వస్తోందిగా అన్నయ్యా. నాన్న ఎటువైపు గంట కొట్టేవాడో ఆవిడకి తెలీదూ?"

సిమెంటు బిగుసుకుంటోంది. రెండు గోపురాల్నీ ఊడదీసి అటుదిటు మార్చేద్దామని తాపీ దూర్చింది. వద్దే వద్దే అని అన్నయ్య మొత్తుకుంటూనే ఉన్నాడు. సగం గట్టిపడ్డ సిమెంటు మాట వింటుందా? పెళ్లలు పెళ్లలుగా ఊడిపోయింది. గోపురాల ముక్కలన్నీ జలజలా నేలపాలయ్యాయి.

అంతలోనే వచ్చేసింది అమ్మ, పక్కింటావిడ చెయ్యి పట్టుకుని. గోడకి మొహం ఆనించినంత దగ్గరగా నిలబడి తడిమింది. తలుపు తగిలింది, కమాను తగిలింది. ఆ పైన పచ్చి సిమెంటు.

"ఊడిపోయాయమ్మా. నాదే తప్పు. మళ్లీ పెడతానమ్మా" అని ఏడ్చేసింది కూతురు.

అమ్మ ఆ మాట విన్నట్టే లేదు. గోడ పట్టుకుని నడిచి, పొట్టి గోపురం అసలు ఎటుండాలో సరిగ్గా అటు వెళ్లి, చతికిలబడింది. రెండు చేతులతో ముక్కలు పక్కకి తీయడం మొదలుపెట్టింది. భూకంపం వచ్చిన రోజూ ఆవిడ రాళ్లు ఇలాగే తీసింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"మీరూ పట్టండర్రా" అంది అమ్మ. "మీ నాన్న ఇక్కడే ఉన్నాడు."